బ్రష్ పాలిమర్లు: పులిసిన పిండి నుంచి పరిశోధనశాల దాకా



గత సంవత్సరం స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూస్తుండగా ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ చదివే ఒక అమ్మాయి దరఖాస్తు కమిటీ ముందుకు వచ్చింది. ప్రాజెక్టు పేరు రాయవలసిన గడిలో "జీవవిచ్ఛిన్న పాలియెస్టర్ బ్రష్ పాలిమర్ల తయారీ, ఉష్ణ ధర్మాలు" అని ఉంది. మా నలుగురిలో ఒక్కరూ సైన్సు చదివినవారు కారు. "బ్రష్షులు తయారు చెయ్యడానికి ఎం.ఎస్సీ. దేనికండీ?" అన్నారొక సభ్యులు. అందరం నవ్వాము. ఆ నవ్వులోనే దరఖాస్తు "తరువాత చూద్దాం" అనే కట్టలోకి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో గుమాస్తాగా చేసినవాణ్ణి కనుక, ఆ కట్టలోకి వెళ్ళిన కాగితం గతి ఏమవుతుందో నాకు తెలుసు. ఇంటికి తెచ్చుకున్నాను.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి, వాళ్ళ అమ్మగారు మా ఇంటికి వచ్చారు. వాళ్ళది బరంపురం దగ్గర చిన్న టిఫిన్ హోటలు. ఆవిడ అన్నమాట ఇది: "బాబుగారూ, ఇది ఏం చదువుతోందని నేనడిగితే నీకర్థం కాదులేమ్మా అంటుంది. మీకు అర్థమైతే నాక్కాస్త తెలుగులో చెప్పండి." అప్పటికి నాకూ అర్థం కాలేదు. నాలుగు నెలలు ఆ అమ్మాయి చేతే చెప్పించుకుని, లెక్కలు నేను వేసుకుని, ఆ తల్లిగారి కోసం రాసుకున్న నోట్సే ఈ పాఠం. పిల్లలకూ పనికివస్తుందనుకుంటాను. ఎందుకంటే 2022-23లో పాఠ్యాంశాలు తగ్గించినప్పుడు ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి కెమిస్ట్రీ పుస్తకంలో పాలిమర్ల అధ్యాయం మొత్తం తీసివేశారు. మహారాష్ట్ర బోర్డు పుస్తకంలో మాత్రం ఈ పాఠం చూశాను. సి.బి.ఎస్.ఇ. పిల్లలు డిగ్రీలో చేరాక ఈ మాట మొదటిసారి విని తడబడుతున్నారు.

ముందుగా పాలియెస్టర్. ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి ఒక నీటి అణువును వదిలితే వాటి మధ్య ఏర్పడే ముడిని ఎస్టర్ బంధం అంటారు. అలాంటి ముళ్ళు వందలూ వేలూ వరుసగా పడితే ఆ గొలుసు పాలియెస్టర్. మా తరం మోజుపడి తొడుక్కున్న టెరిలిన్ చొక్కా అదే. దానిని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనేవారు కనిపెట్టారు. నేటి నీళ్ళ సీసా కూడా ఆ పదార్థమే. అది కరగాలంటే దాదాపు 250 డిగ్రీలు దాటాలి, మట్టిలో వేస్తే తరాల తరబడి ఉంటుంది.

అంతకు పదేళ్ళ ముందే అమెరికాలో డ్యుపాంట్ కంపెనీలో వాలస్ కారొథర్స్ వేరే రకం పాలియెస్టర్లు చేసి చూశారు. అవి తక్కువ వేడికే కరిగేవి, వేడినీళ్ళకు పాడయ్యేవి. బట్టకు పనికిరావని వాటిని వదిలి వేరే దారి పట్టారు. ఆ దారిలో 1935లో నైలాన్ వచ్చింది. నీటికి ముడి విడిపోవడం ఆనాడు లోపం. నేడు జీవవిచ్ఛిన్న పాలియెస్టర్లకు అదే కావలసిన గుణం. ముడి పడినప్పుడు బయటికి పోయిన నీరు తిరిగి వచ్చి ముడి విప్పుతుంది. దీనిని జల విశ్లేషణ అంటారు. విడిపోయిన చిన్న ముక్కలను సూక్ష్మజీవులు తినేస్తాయి. ఆపరేషను తరువాత విప్పనవసరం లేకుండా కరిగిపోయే కుట్లు ఈ జాతివే. 1970ల నుంచి వాడుకలో ఉన్నాయి.

ఇక ముడిసరుకు. ఆ తల్లిగారికి ఇది చెప్పగానే ముఖం వెలిగింది. ఇడ్లీ పిండి పులిసినప్పుడు, పాలు తోడుకున్నప్పుడు పుట్టే పులుపు లాక్టిక్ ఆమ్లం. 1780లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు షీలే దీనిని పులిసిన పాల నుంచి వేరుచేశారు. ఫ్యాక్టరీల్లో మొక్కజొన్న లేక చెరకు చక్కెరను పులియబెట్టి తీస్తారు. ఈ అణువులో ఒక చివర ఆమ్లం, మరొక చివర ఆల్కహాల్. కనుక తనతో తానే గొలుసు కట్టుకోగలదు. ఆ గొలుసు పేరు పాలీలాక్టిక్ ఆమ్లం. అందరూ పి.ఎల్.ఏ. అంటారు.

అయితే లాక్టిక్ ఆమ్లాన్ని నేరుగా వేడిచేస్తే పొడుగు గొలుసులు రావడం కష్టం, పుట్టిన నీరు పూర్తిగా బయటికి పోదు. అందుకని రెండు లాక్టిక్ ఆమ్లాలను కలిపి ఉంగరంలా చుట్టిన లాక్టైడ్ అనే పదార్థం చేసుకుంటారు. దీని అణుభారం 144. ఒక ఆల్కహాల్ అణువును, కొద్దిగా తగరపు ఉత్ప్రేరకాన్ని వేసి వేడిచేస్తే ఉంగరాలు ఒక్కొక్కటే తెరుచుకుని ఆ ఆల్కహాలుకు తగులుకుంటూ పోతాయి. ఒక ఆల్కహాలుకు ఒక గొలుసు. లాక్టైడ్ అణువులు 30, ఆల్కహాల్ అణువు 1 చొప్పున వేస్తే సగటున ఒక్కో గొలుసులో 30 లాక్టైడ్లు. ఇంత సొమ్ము, ఇన్ని ఖాతాలు, తలా ఇంత అని పంచినట్టే. కామర్సు వాడికి ఇది నచ్చకుండా ఎలా ఉంటుంది?

ఈ లెక్క చెడగొట్టేది నీరు. నీటి అణువు కూడా గొలుసు మొదలుపెట్టగలదు. 14.4 గ్రాముల లాక్టైడు అంటే 0.1 మోల్. 30కి 1 చొప్పున కావలసిన ఆల్కహాల్ 0.0033 మోల్. అన్నే నీటి అణువులు కావాలంటే 0.0033ను 18తో గుణించండి. 0.06 గ్రాములు! అంటే ఇంచుమించు ఒక్క చుక్క. ఆ ఒక్క చుక్క చెమ్మతో గొలుసుల సంఖ్య రెట్టింపై, పొడుగు సగానికి పడిపోతుంది. ఆ అమ్మాయి మొదటి రెండు ప్రయత్నాలు జూలై వానల్లో పాడైనవి ఇందుకే. బీకరు మూత పెట్టడం మరిచిందని వాళ్ళ అమ్మగారు కోప్పడ్డారు కానీ సముద్రపు గాలిలో చెమ్మ మూతతో ఆగేది కాదు. లాక్టైడును మళ్ళీ స్ఫటికీకరించి, శూన్యంలో ఆరబెట్టి, నైట్రోజన్ వాయువు కింద పనిచేయాలి.

ఇప్పుడు బ్రష్. పాల సీసాలు కడగడానికి వాడే బ్రష్షు చూశారు కదా, మధ్యలో తీగ, చుట్టూ దట్టంగా కుచ్చు. పాలిమర్ అణువు కూడా అలా ఉంటే అది బ్రష్ పాలిమర్. మధ్య గొలుసును కాండమనీ, చుట్టూ ఉన్న గొలుసులను ఈనెలనీ ఈ పాఠంలో పిలుచుకుందాం. అడపాదడపా కొమ్మలుంటే బ్రష్ అనరు. కాండంలోని దాదాపు ప్రతి కణుపు దగ్గరా ఒక ఈనె ఉండాలి. ఇరుకైపోయి ఈనెలు, కాండం రెండూ సాగి నిలబడతాయి.

చేసే దారులు మూడు. మొదటిది, కాండం మీద ముందుగానే ఆల్కహాల్ కొనలు ఉంచి వాటి నుంచి ఈనెలు మొలిపించడం. సెల్యులోజులో ఆ కొనలు సహజంగానే ఉన్నాయి కనుక దాని మీద ఇలా చేస్తారు. రెండవది, తయారైన ఈనెలను తయారైన కాండానికి అతికించడం. కొన్ని అతుక్కున్నాక మిగతావాటికి చోటు దొరకదు, కుచ్చు పల్చబడుతుంది. మూడవది ఆ అమ్మాయి చేసినది. పూలమాల కట్టడం లాంటిది. ముందు పూలు సిద్ధం, తరువాత తొడిమలు తొడిమలు కలిపి దండ.

తొడిమగా ఇక్కడ నార్బోర్నీన్ అనే ఉంగరపు నిర్మాణం వాడతారు. నార్బోర్నీన్ మిథనాల్ అనే ఆల్కహాల్ అణుభారం 124. దీనితోనే లాక్టైడు గొలుసు మొదలుపెడితే ప్రతి ఈనె మొదట్లో ఒక నార్బోర్నీన్ తల ఉంటుంది. ఆ తలలను వరుసగా కలిపేది గ్రబ్స్ ఉత్ప్రేరకం, రుథీనియం లోహంతో చేసినది. రాబర్ట్ గ్రబ్స్‌కు ఈ రకపు చర్యల మీద పరిశోధనకు 2005లో షోవాఁ, ష్రాక్ అనే మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 2009లో ఆయన బృందమే ఈ దండ కట్టే పద్ధతితో ఒకే కొలత గల బ్రష్షులు చేసి చూపింది. చర్య గది వేడిలోనే నిమిషాల్లో అయిపోతుంది. 100 ఈనెలకు 1 ఉత్ప్రేరకం చొప్పున వేస్తే సగటున 100 ఈనెల బ్రష్షు. నీటి చుక్క మొదలుపెట్టిన గొలుసులు గుర్తున్నాయా? వాటికి నార్బోర్నీన్ తల లేదు. అవి దండలో చేరవు, ఊరికే పక్కన మిగిలిపోతాయి.

లెక్క కడదాం. ఒక ఈనె: 30 × 144 = 4,320. తలతో కలిపి 4,444. నూరు ఈనెలకు 4,44,400. నాలుగున్నర లక్షలకు దగ్గర పడిన అణుభారం.

ఇక్కడ సగటు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోవాలి, పరీక్షలో ఇది తప్పక అడుగుతారు. పది ఖాతాలున్నాయి. తొమ్మిదింటిలో వెయ్యేసి, ఒకదానిలో 91,000. మొత్తం లక్ష. ఖాతాకు సగటు 10,000. ఇది సంఖ్యా సగటు. కానీ ఆ బ్యాంకులోని ఒక రూపాయిని పట్టుకుని "నువ్వున్న ఖాతా ఎంత పెద్దది?" అని అడిగితే సగటు జవాబు 82,900 వస్తుంది. ఇది భార సగటు. రెండో దానిని మొదటిదానితో భాగిస్తే 8.29. అన్ని ఖాతాలూ సమానమైతే 1. మంచి బ్రష్షు పాలిమర్లలో ఈ నిష్పత్తి 1.1 ప్రాంతంలో ఉంటుంది. నేను మొదట దీనికి భయపడ్డాను కానీ, వడ్డీ లెక్కల్లో ప్రాడక్టులు వేసిన చేతికి ఇది రెండు నిమిషాల పని.

ఇప్పుడు అసలు విషయం, వేడి.

పి.ఎల్.ఏ. గ్లాసులో చల్లటి రసం పోస్తే బాగుంటుంది. వేడి టీ పోస్తే వంకరపోతుంది. అది కరగలేదు, కరగడానికి 170 డిగ్రీలు దాటాలి. జరిగింది మరొకటి. దాదాపు 55 నుంచి 60 డిగ్రీల మధ్య అది గాజులాంటి గట్టి స్థితి నుంచి రబ్బరులాంటి మెత్తని స్థితికి మారింది. దీనిని గాజు పరివర్తన ఉష్ణోగ్రత అంటారు, ప్రయోగశాలలో పొట్టిగా టి.జి. అంటారు. గొలుసులు అంతవరకు గడ్డకట్టినట్లుండి, అక్కడి నుంచి కదలడం మొదలుపెడతాయి. మరో పాలియెస్టరు పాలీకాప్రోలాక్టోనుకు ఇది సున్నకు 60 డిగ్రీలు కింద. అది కరిగేది 60 డిగ్రీల దగ్గర. అందుకే మన ఇంట్లో అది మైనంలా మెత్తగా, తోలులా సాగుతూ ఉంటుంది.

మరి నాలుగున్నర లక్షల అణుభారం గల పి.ఎల్.ఏ. బ్రష్షు టి.జి. ఎంత? అంత పెద్ద అణువు కనుక గట్టిగానే ఉండాలని నేను అన్నాను. అమ్మాయి నవ్వి "కాదు తాతగారూ, కొనలు లెక్కపెట్టండి" అంది.

గొలుసు మధ్య భాగాన్ని అటూ ఇటూ పట్టి ఉంచుతారు, కొన మాత్రం ఒక వైపు స్వేచ్ఛగా ఊగుతుంది. కొనలెక్కువైతే మొత్తం తక్కువ వేడికే కదలడం మొదలుపెడుతుంది. 1950లో ఫాక్స్, ఫ్లోరీ దీనికి సూత్రం ఇచ్చారు: చాలా పొడుగు గొలుసు టి.జి. నుంచి, ఒక స్థిరాంకాన్ని అణుభారంతో భాగించి తీసివేయాలి. పి.ఎల్.ఏ.కు మొదటిది సుమారు 58 డిగ్రీలు, స్థిరాంకం సుమారు 55,000. లక్ష అణుభారం గల మామూలు గొలుసుకు తగ్గేది 0.55 డిగ్రీ, అంటే ఏమీ లేదు. బ్రష్షుకు 4,44,400తో భాగిస్తే అదీ లేదు. కానీ అలా భాగించడం తప్పు. మామూలు గొలుసుకు రెండే కొనలు, ఈ బ్రష్షుకు ఇంచుమించు నూరు. ఒక్కో కొన వంతుకు వచ్చే భారం 4,320. రెండు కొనల మామూలు గొలుసు లెక్కలోకి మారిస్తే 8,640. 55,000ను 8,640తో భాగిస్తే 6.4. అంటే టి.జి. సుమారు 51.6 డిగ్రీలు.

మా బ్రాంచిలో కోటి రూపాయల డిపాజిట్ ఉందని చెబితే మేనేజరు వెంటనే అడిగే ప్రశ్న "ఒక్కరిదా, వెయ్యిమందిదా?" అని. ఒకే పెద్ద ఫిక్సెడ్ డిపాజిట్ కదలదు. వెయ్యి చిన్న సేవింగ్సు ఖాతాలు పండుగ వస్తే చాలు కదులుతాయి. బ్రష్షు అణువూ అంతే. దాని మొత్తం భారం పాస్‌బుక్కు అట్ట మీది అంకె. వేడికి అది ఎలా నడుచుకుంటుందో చాలావరకు ఈనె పొడుగు నిర్ణయిస్తుంది. పైన వేసినది అంచనా మాత్రమే. ఈనెలు ఇరుకుగా ఉండడం వల్ల, కాండం వేరే పదార్థం కావడం వల్ల కొంత తేడా వస్తుంది. యంత్రం చెప్పినదే ఆఖరు మాట.

కరగడం విషయంలోనూ ఇదే కథ. స్ఫటికం కట్టడానికి గొలుసు మడతలు పడుతూ పేర్చుకోవాలి. ఈనె పొట్టిది, ఒక చివర కాండానికి కట్టివేసి ఉంది. కనుక పలుచని స్ఫటికాలే ఏర్పడతాయి, పలుచని స్ఫటికం తక్కువ వేడికే కరుగుతుంది. మరీ పొట్టి ఈనెలైతే స్ఫటికమే కట్టకపోవచ్చు.

ఆ యంత్రం పేరు డి.ఎస్.సి. రెండు బుల్లి అల్యూమినియం గిన్నెలు, ఒకదానిలో 5 నుంచి 10 మిల్లీగ్రాముల నమూనా, మరొకటి ఖాళీ. రెంటినీ నిమిషానికి 10 డిగ్రీల చొప్పున సమానంగా వేడిచేస్తూ, నమూనా గిన్నెకు అదనంగా ఎంత వేడి కావలసి వచ్చిందో గీత గీస్తుంది. టి.జి. దగ్గర గీతలో మెట్టు, కరిగేచోట పెద్ద వంపు. మొదటిసారి వేడిచేసిన గీతను ఫలితంగా చూపవద్దు, పదార్థం అంతకుముందు ఎలా చల్లారిందో ఆ గుర్తులన్నీ అందులో ఉంటాయి. ఒకసారి వేడిచేసి, చల్లార్చి, రెండోసారి గీసినదే సాధారణంగా పోల్చడానికి తీసుకుంటారు. ఆ అమ్మాయి గీతలో మెట్టు మామూలు పి.ఎల్.ఏ. కంటే ఎడమవైపున పడింది. కాగితం మీద లెక్క వేసి ఉన్నాను కనుక ఆ మెట్టు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం, ట్రయల్ బ్యాలెన్సు మొదటిసారే సరిపోయినంత!

రెండవ యంత్రం టి.జి.ఏ., కొలిమిలో పెట్టిన త్రాసు. ఏ వేడికి బరువు తగ్గుతుందో చూపుతుంది. శుభ్రమైన పి.ఎల్.ఏ. సుమారు 300 డిగ్రీల దాకా నిలుస్తుంది. కానీ తగరం మిగిలిపోతే ముందే విడిపోతుంది. గొలుసు కట్టించిన ఉత్ప్రేరకమే వేడిలో దానిని వెనక్కి లాక్టైడుగా విప్పేస్తుంది. విప్పడం ఆల్కహాల్ కొనల దగ్గర సులువు. బ్రష్షులో ప్రతి ఈనె చివరా ఆ కొన ఉంది కనుక జాగ్రత్త ఎక్కువ కావాలి. కొనలకు అసిటైల్ సమూహాన్ని టోపీలా తొడిగితే నిలకడ పెరుగుతుంది.

వేడికీ మట్టిలో కలవడానికీ సంబంధమేమిటని వాళ్ళ అమ్మగారు అడిగారు. ఈ పాఠంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న అది. పి.ఎల్.ఏ. సంచి మీద "కంపోస్టబుల్" అని రాసి ఉంటే, 58-60 డిగ్రీల వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రాల్లో అది నెలల్లో విడిపోతుందని అర్థం. ఆ అంకె టి.జి. దగ్గరే ఉండడం చూడండి. గొలుసులు కదలడం మొదలైతేనే నీరు సులువుగా లోపలికి దూరుతుంది. మన పెరట్లో ఆ వేడి రాదు, అందుకే అక్కడ పూడ్చిన పి.ఎల్.ఏ. ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఈనెల పొడుగు మార్చి టి.జి.ని దించగలిగితే విడిపోయే వేగాన్ని కూడా మార్చవచ్చన్నది ఈ పరిశోధన వెనుక ఉన్న ఆశల్లో ఒకటి.

బజారు సంచులకు మాత్రం ఇవి రావు. మామూలు గొలుసులు సేమియాలా ఒకదానిలో ఒకటి చిక్కుపడి బలాన్నిస్తాయి. బ్రష్షులు ఈనెల వల్ల ఒకదానికొకటి దూరంగా ఉండి చిక్కుపడవు. అందువల్ల బలం తక్కువ, మెత్తదనం ఎక్కువ. ఆ మెత్తదనాన్నే వాడుకుని 2016లో అమెరికా నార్త్ కరోలినాలోని పరిశోధకులు సిలికోన్ బ్రష్షులతో, నీరు లేకుండానే జెల్లీ అంత మెత్తని రబ్బరు చేశారు. పాలియెస్టర్ బ్రష్షులను శరీరంలో మందు మోసుకుపోవడానికి పరీక్షిస్తున్నారు.

ఇలాంటి చదువు కోరుకునే పిల్లలు డిగ్రీ తరువాత జామ్ పరీక్ష రాయవచ్చు. గేట్‌లో ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరు కింద పాలిమర్ సైన్సు భాగం ఉంది. 1968లో చెన్నైలో మొదలైన సిపెట్‌కు భువనేశ్వర్, మైసూరులలో కూడా కేంద్రాలున్నాయి. పుణేలో నేషనల్ కెమికల్ లేబరేటరీ ఉంది. దూరం పంపాలా అని ఆలోచించే తల్లిదండ్రులు ఈ ఊళ్ళ పేర్లు చూసుకోగలరు.

అభ్యాసం ఒకటి ఇస్తున్నాను. 15 లాక్టైడ్ల ఈనెలు 200 ఉన్న బ్రష్షు తీసుకోండి. ఈనె 2,160, తలతో 2,284, మొత్తం 4,56,800. పై బ్రష్షుకూ దీనికీ మొత్తం భారంలో తేడా మూడు శాతం కూడా లేదు. పై పద్ధతిలోనే టి.జి. కట్టండి. 45.3 వస్తే మీ లెక్క సరియైనది.

దరఖాస్తు సంగతి. తరువాతి సమావేశంలో ఈ నోట్సు చదివి వినిపించాను. మొదట నవ్విన సభ్యులే శ్రద్ధగా విని, పెన్సిలు తీసుకుని 124ను 4,444తో భాగించారు. 2.8 శాతం. "ఈనెలు పులుపుగా మారి పోతాయి, సరే. కాండం నార్బోర్నీన్ కదా, అందులో ఎస్టర్ ముడి లేదు కదా, ఈ 2.8 శాతం ఎక్కడికి పోతుంది? 2024లో సవరించిన ప్లాస్టిక్ నిబంధనల్లో జీవవిచ్ఛిన్నం అంటే సూక్ష్మ ప్లాస్టిక్ ఏదీ మిగలకూడదనే కదా ఉంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అక్కడి నుంచే అమ్మాయికి ఫోను చేశాము. "కాండం మిగిలిపోతుందండీ, అందుకే పేరులో జీవవిచ్ఛిన్నం అనే మాట పాలియెస్టర్ ఈనెలకే అని రిపోర్టులో రాశాను. విరిగే కాండంతో చెయ్యాలి, పిహెచ్.డి.లో సీటు వస్తే అదే చేద్దామనుకుంటున్నాను" అంది. ఆ సభ్యులు ఫోను పెట్టేసి, కట్టలోంచి దరఖాస్తు తీసి తామే మొదటి సంతకం చేశారు.